సీమేక్ నేర్చుకుందాం, 4వ పాఠం: లైబ్రరీ ఉన్నా దొరకలేదంటే

ప్రోగ్రామ్ బిల్డ్ చేయడానికి కావలసిన ఏర్పాట్లు చేసిపెట్టే సాధనమే సీమేక్. మూడో పాఠానికి మన ప్రోగ్రామ్‌కు ఒక రూపు వచ్చింది. విశాఖ హార్బర్ ఆటుపోట్ల అంకెల్ని ఫైల్లోంచి చదివి, గ్రాఫ్ గీసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేస్తుంది. బొమ్మ రాయడానికి లిబ్‌పీఎన్‌జీ అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) కావాలి కాబట్టి, దాన్ని వెతకమని సీమేక్‌కు చెప్పే ఫైండ్ ప్యాకేజ్ లైను చేర్చాం. చాలామందికి పని అక్కడే ఆగిపోతుంది. పగలు కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీద, రాత్రి మద్దిలపాలెం హాస్టల్ గదిలో విండోస్ ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకైతే తలనొప్పి రెండింతలు.

"కుడ్ నాట్ ఫైండ్ పీఎన్‌జీ" అని కనబడగానే టెన్షన్ పడి ఫోల్డర్లన్నీ చెరిపేయకండి. ఆ లైను చివర బ్రాకెట్లో "మిస్సింగ్" అని ఏమేం రాసి ఉందో చూడండి. మొత్తం మెసేజ్‌లో పనికొచ్చే ముక్క అదే.

ఎందుకంటే సీమేక్ లిబ్‌పీఎన్‌జీని ఒకే వస్తువుగా వెతకదు. హెడర్ ఫైలును (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కు చెప్పేది) ఒకసారి, లైబ్రరీ ఫైలును (అసలు కోడ్ ఉండేది) మరోసారి, విడివిడిగా వెతుకుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

బ్రాకెట్లో ఆ రెండూ మిస్సింగ్ అని ఉంటే, ఉబుంటులో సాధారణంగా డెవ్ ప్యాకేజీ (బిల్డ్ చేసేవాళ్లకు కావలసిన ఫైళ్లు ఉండేది) లేనట్టే. "సిస్టమ్‌లో బొమ్మలు చక్కగా తెరుచుకుంటున్నాయి కదా, లైబ్రరీ లేకపోవడమేంటి?" అని అనుమానం రావచ్చు. ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన ఫైలు ఉంది. దాని పేరు చివర డాట్ ఎస్ఓ తర్వాత 16 అనే అంకె ఉంటుంది. సీమేక్ వెతికేది ఆ అంకె లేకుండా డాట్ ఎస్ఓతో ముగిసే పేరు కోసం. ఆ పేరూ, పీఎన్‌జీ డాట్ హెచ్ హెడరూ లిబ్‌పీఎన్‌జీ-డెవ్ ప్యాకేజీతోనే వస్తాయి. దాన్ని ఆప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు వేసే కమాండ్) వేసుకుని సీమేక్‌ను మళ్లీ నడపండి, చాలు. క్యాష్ (వెతికినవాటి ఫలితాలు సీమేక్ రాసిపెట్టుకునే ఫైలు) చెరపనక్కర్లేదు. "నాట్‌ఫౌండ్" అని రాసిపెట్టుకున్నవాటిని సీమేక్ మరుసటిసారి తనే మళ్లీ వెతుకుతుంది.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది తప్పుగా దొరికినప్పుడు. దొరికిన దారిని సీమేక్ బిల్డ్ ఫోల్డర్‌లోని సీమేక్‌క్యాష్ టెక్స్ట్ ఫైల్లో రాసుకుని, ఇక వెతకడం మానేస్తుంది. ఎవరో ఎప్పుడో పాత లిబ్‌పీఎన్‌జీని సోర్స్ నుంచి బిల్డ్ చేసి యూఎస్ఆర్ లోకల్‌లో (సొంతంగా బిల్డ్ చేసినవి వేసే ఫోల్డర్; ఆప్ట్ వేసేవి యూఎస్ఆర్‌లోకి వెళ్తాయి) వేశారనుకోండి. తర్వాత లైబ్రరీ తీసేశారు, హెడర్ అలాగే మిగిలిపోయింది. సీమేక్ యూఎస్ఆర్ కంటే ముందు యూఎస్ఆర్ లోకల్‌లో చూస్తుంది. దాంతో హెడర్ పాతది, లైబ్రరీ కొత్తది దొరుకుతాయి. ఎర్రర్ ఏమీ రాదు, కంపైల్ కూడా కావచ్చు. తీరా నడిపితే "ఫలానా వెర్షన్‌తో బిల్డ్ చేశారు, వేరే వెర్షన్‌తో నడుస్తోంది" అని లిబ్‌పీఎన్‌జీ హెచ్చరిస్తుంది. అప్పుడు క్యాష్ ఫైలు తెరిచి పీఎన్‌జీ అని వెతకండి. ఇన్‌క్లూడ్ డైరెక్టరీ లైనూ, లైబ్రరీ లైనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి లోకల్‌లోకి, ఇంకొకటి బయటికి చూపిస్తుంటాయి. మిగిలిపోయిన ఆ పాత హెడర్ తీసేసి, క్యాష్‌లో ఆ రెండు లైన్లనే చెరిపి మళ్లీ నడపండి. సీమేక్ 3.24 నుంచి "ఫ్రెష్" ఆప్షన్ కూడా ఉంది, మొత్తం క్యాష్‌ను కొత్తగా మొదలుపెడుతుంది.

ఎక్కడెక్కడ వెతికిందో వరసగా చూడాలంటే "డీబగ్ ఫైండ్" ఆప్షన్ ఇవ్వండి. ఇది 3.17లో వచ్చింది. స్క్రీన్ నిండా దారులు గుమ్మరిస్తుంది కాబట్టి ఫైల్లోకి మళ్లించుకుని తీరిగ్గా చదవండి.

విండోస్‌లో లైబ్రరీని ఎక్కడో ఫోల్డర్‌లో పెట్టుకుంటాం, సీమేక్‌కు ఆ సంగతి తెలియదు. సీమేక్ ప్రిఫిక్స్ పాత్ అనే వేరియబుల్‌లో ఆ ఫోల్డర్ పేరు ఇవ్వాలి. ఇన్‌క్లూడ్, లిబ్ రెండూ ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఆ పై ఫోల్డరే ఇవ్వండి, లిబ్ ఫోల్డర్ కాదు. ఒకటికంటే ఎక్కువైతే మధ్యలో సెమీకోలన్. విజువల్ స్టూడియోకు డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడే ఫైలు) ఒక్కటే సరిపోదు, లింక్ చేయడానికి డాట్ లిబ్ ఫైలు కూడా ఉండాలి. ఇంకో చిక్కు: లిబ్‌పీఎన్‌జీకి జడ్‌లిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీ కావాలి. జడ్‌లిబ్ దొరక్కపోతే పీఎన్‌జీ కళ్లెదుట ఉన్నా సీమేక్ లేదంటుంది. అందుకే ఎర్రర్ వచ్చిన లైను మాత్రమే కాదు, దానిపై లైను కూడా చదవండి.

ల్యాబ్ నుంచి ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేటప్పుడు బిల్డ్ ఫోల్డర్‌ను మాత్రం తేవద్దు. క్యాష్‌లో ఉబుంటు దారులు ఉంటాయి, క్యాష్ పుట్టిన డైరెక్టరీ వేరు అని సీమేక్ మొరాయిస్తుంది. సోర్స్ తెచ్చుకుని, ఇక్కడ బిల్డ్ ఫోల్డర్ కొత్తగా చేసుకోండి.

ఈ వారం అభ్యాసం: ఉబుంటులో లిబ్‌పీఎన్‌జీ-డెవ్ తీసేసి, కొత్త బిల్డ్ ఫోల్డర్‌లో ఎర్రర్ తెప్పించుకోండి. క్యాష్‌లో నాట్‌ఫౌండ్ లైన్లు చూసి, ప్యాకేజీ మళ్లీ వేసి, ఆ లైన్లే ఎలా మారాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఐదో పాఠంలో కాన్ఫిగ్ ఫైళ్లు, డీర్ అని ముగిసే వేరియబుళ్ల సంగతి చూద్దాం.