నర్సింగ్ పరిశోధన, 5వ పాఠం: వేలు ముందు ఏ కాలమ్ మీద పడింది?

కేస్ కంట్రోల్, కోహర్ట్ అనే రెండు రకాల అధ్యయనాల్ని గుర్తుపట్టడానికి పోయిన పాఠంలో ఒక అడ్డదారి చెప్పాను: "వెనక్కి చూస్తే కేస్ కంట్రోల్, ముందుకు చూస్తే కోహర్ట్." నేను చదువుకునే రోజుల్లో పరీక్ష ముందురాత్రి బట్టీపట్టిన ముక్క అది. మీ జవాబుల్లో సగానికి పైగా దాన్ని పట్టుకునే బోల్తాపడ్డాయి. కావలి నుంచి ఒకమ్మాయి నేరుగా అడిగేసింది: "మేడం, పాత రిజిస్టర్లు చూస్తే కేస్ కంట్రోలే కదా, మా గైడు కోహర్ట్ అంటుండారేంది?" గైడుగారిదే రైటమ్మా, తప్పు నాది.

మూడో రకం, క్రాస్ సెక్షనల్ దగ్గర ఎవరూ తడబడలేదు. కారణాన్నీ ఫలితాన్నీ ఒకేసారి చూడటం, ఒక్కరోజు తీసిన ఫొటో అంతే, వదిలేస్తున్నా.

సింగరాయకొండ వైపు ఒక పి.హెచ్.సి.లో గర్భిణుల రిజిస్టరు మీ ముందుందనుకోండి. 2022లో కాన్పయిన వాళ్లంతా అందులో ఉన్నారు. ఎడమవైపు కాలమ్‌లో మొదట్లో చూసిన హిమోగ్లోబిన్, కుడివైపు చివర్న బిడ్డ బరువు.

మీ వేలు ముందు హిమోగ్లోబిన్ మీద పడింది. 11 గ్రాములకి తగ్గినవాళ్లు ఒక గుంపు, 11, ఆపైన ఉన్నవాళ్లు ఇంకో గుంపు. ఆ తర్వాతే కుడికి జరిగి బిడ్డల బరువులు చూశారు. ఇది కోహర్ట్. కాయితాలు పాతవే కావచ్చు, నడక మాత్రం కారణం నుంచి ఫలితానికి. దీన్నే రెట్రోస్పెక్టివ్ కోహర్ట్ అంటారు.

అలాకాక వేలు ముందు బరువు మీద పడిందా? 2,500 గ్రాములకి తక్కువ పుట్టిన 50 మందిని, సరైన బరువుతో పుట్టిన 50 మందిని ఏరుకుని, ఎడమకి జరిగి తల్లుల హిమోగ్లోబిన్ చూశారు. ఇది కేస్ కంట్రోల్. అదే రిజిస్టరు, అదే తల్లులు. ఇంకోమాట: రేపటి నుంచి పుట్టబోయే తక్కువ బరువు బిడ్డల్ని ఒక్కొక్కరినే చేర్చుకుంటూ పోయినా అది కేస్ కంట్రోలే. కాలం కాదు, ఎంపిక ముఖ్యం.

పేరు ఏదైతేనేం అంటారా? ఒకరు కేస్ కంట్రోల్ పట్టిక వేసి, "ఈ ప్రాంతంలో 50 శాతం పిల్లలు తక్కువ బరువుతో పుడుతున్నారు" అని రాశారు. ఆ 50 ఎక్కడిది? మనం ఏరితే వచ్చింది! సరైన బరువు పిల్లల్ని 50 బదులు వందమందిని ఏరితే ఇంకో శాతం వచ్చేది. అందుకే అక్కడ రిస్క్ (గుంపులో ఎంత వాటాకి ఆ ఫలితం వచ్చింది) లెక్క కట్టకూడదు, ఆడ్స్ రేషియోతో (కారణం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఉన్న నిష్పత్తిని రెండు గుంపుల్లో పోల్చే అంకె) ఆగాలి. ఇది ఎన్నిసార్లు దిద్దానో, ఎర్రసిరా అయిపోతోంది.

మరి కేస్ కంట్రోల్ ఎందుకు? జబ్బు అరుదైనప్పుడు, త్వరగా తేలాలన్నప్పుడు. పొగాకు పండించే ఒంగోలు వాళ్లకి తెలియాల్సిన ఉదాహరణ: డాల్, హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1950లో అచ్చయిన అధ్యయనంలో లండన్ ఆసుపత్రుల్లోని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో మొదలుపెట్టి, వాళ్లనీ ఆ క్యాన్సర్ లేని రోగులనీ పొగ అలవాటు అడిగారు. 1951లో అదే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లకి ప్రశ్నపత్రాలు పంపి, పొగ తాగేవాళ్లనీ తాగనివాళ్లనీ ఏళ్ల తరబడి వెంబడించారు. ముందుది కేస్ కంట్రోల్, తర్వాతది కోహర్ట్.

కోహర్ట్ వాళ్లకి మన దగ్గరో చిక్కుంది. తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లినవాళ్ల బరువు కాలమ్ ఖాళీగా ఉంటుంది. వాళ్లని చప్పుడు కాకుండా కొట్టేయకండి. ఏ గుంపులో ఎంతమంది తప్పిపోయారో రాయండి.

అభ్యాసం: నోటుబుక్కులో 40 మంది ఊహా తల్లుల పట్టిక వేయండి, ఏ గడిలోనూ సున్నా రాకుండా. ముందు కోహర్ట్‌గా రిస్క్ రేషియో (రెండు గుంపుల రిస్కుల నిష్పత్తి) కట్టండి. తర్వాత అదే పట్టికలోంచి తక్కువ బరువు బిడ్డలందరినీ, మిగతావాళ్లలోంచి చీటీలు తీసి అంతేమందినీ తీసుకుని ఆడ్స్ రేషియో కట్టండి (పద్ధతి 3వ పాఠంలో ఉంది). రెండు అంకెలూ ఎందుకు కలవలేదో మూడు వాక్యాల్లో రాయండి. అసలు రిజిస్టరు జోలికి మాత్రం మెడికల్ ఆఫీసరు అనుమతి, ఎథిక్స్ కమిటీ సంతకం లేకుండా వెళ్లొద్దు.