బండి ఎంత తాగుతోందో ముందు చూడండి

మాది ఆంధ్ర సరిహద్దు పక్కనే, ఒడిశాలోని పర్లాకిమిడి. చీరల మూటతో పాతపట్నం, టెక్కలి తిరగందే నాకు పూట గడవదు. పెట్రోలు ఆదా కావాలంటే ముందు లెక్క కట్టండి: ట్యాంకు నిండా కొట్టించి మీటరు అంకె రాసుకోండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి. నాకు 38 వచ్చింది. కొత్తలో 55 ఇచ్చిన బండే! చూస్తే వెనక టైరులో గాలి సగమే, చైను ఎండిపోయి కిర్రుమంటోంది. గాలి పొద్దున్నే, టైరు వేడెక్కకముందే చూపించాలి. చైనుకు ఆయిలు పెట్టాక 47కి ఎక్కింది.

ఆంధ్రలో రేటు ఎక్కువ, అందుకే సరిహద్దు దాటకముందే ఇక్కడ కొట్టించుకుంటాను. దానికోసమే అటునుంచి పనిగట్టుకు వస్తే మాత్రం మిగిలింది దారిలోనే ఖర్చు. నౌపడా వైపు పనైతే గుణుపురం నుంచి వచ్చే రైలెక్కేస్తా, మూట లేని రోజున. ఎక్కీ దిగీ చీరలు నలిగితే ఎవరు కొంటారు?