పాత అమెరికన్ ప్యూటర్ పళ్లెం మీద తయారీదారు ముద్రను ఎలా చదవాలి?

ప్యూటర్ ఒక మిశ్రమ లోహం, అందులో ఎక్కువ భాగం తగరమే. గట్టిపడటానికి రాగి, యాంటిమొనీ కలిపేవారు. పాత, చౌక రకాల్లో సీసం కూడా ఉంటుంది, అందుకే వీటిలో పులుపు వడ్డించకూడదు. 18వ శతాబ్దపు అమెరికన్ ఇళ్లలో పళ్లాలు, మగ్గులు చాలావరకు ఈ లోహంతో చేసినవే. ముద్ర లేని పాత సరుకు కూడా బోలెడు ఉంది కనుక, ముద్ర కనబడనంత మాత్రాన నకిలీ అని తేల్చేయకండి.

1. ముందు తోమకండి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. చింతపండు, తోముడు పొడి, గరుకు పీచు వద్దు. ముద్ర లోతు చాలా తక్కువ, లోహం మెత్తన. ఒక్కసారి గట్టిగా రుద్దితే అక్షరాలు పోతాయి, వయసుకు సాక్ష్యమైన బూడిదరంగు పొరా పోతుంది. ఆరబెట్టడానికి పొయ్యి దగ్గర పెట్టకండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ప్యూటర్ ఇంకాస్త ముందే మెత్తబడొచ్చు. రసం కాచే తగరపు గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టనిది ఇందుకే.

2. ముద్ర వెతకండి. పళ్లానికైతే వెనకవైపు, లోతు గిన్నెకైతే లోపల అడుగున, మగ్గుకైతే లోపలి అడుగున లేదా పిడి పక్కన చూడండి. అంచు మీద చట్రం లేకుండా విడివిడిగా గుద్దిన రెండు మూడు అక్షరాలు సాధారణంగా యజమానివి, తయారీదారువి కావు.

3. గది చీకటి చేసి, టార్చిని లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. పళ్లాన్ని మెల్లగా తిప్పుతూ నాలుగు దిక్కుల నుంచి ఫొటో తీయండి. ఇంకా తెలియకపోతే పల్చటి కాగితం పరిచి మెత్తని పెన్సిల్‌ను వాలుగా పట్టి తేలిగ్గా రుద్దండి.

4. గుర్తులను కలిపి చదవండి. స్వాతంత్ర్యానికి ముందు సింహం, గులాబి-కిరీటం లాంటి ఇంగ్లిష్ గుర్తులు వాడేవారు. 1782లో జాతీయ ముద్రలోకి గద్ద వచ్చాక, కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌కు చెందిన శామ్యూల్ డాన్‌ఫర్త్ వంటివాళ్లు దాన్నే పెట్టుకున్నారు. ‘లండన్’ అని ఉన్నా మోసపోవద్దు, కొనేవాళ్ల నమ్మకం కోసం అమెరికన్లూ ఆ మాట గుద్దారు. పాత ముద్రల్లో ‘ఐ’ అక్షరం ‘జె’కి బదులు రావచ్చు. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో పనిచేసిన యోహాన్ క్రిస్టఫ్ హైనే ముద్ర ‘ఐసీహెచ్’. ‘టీడీ’ ఒక్కటే కనబడితే తొందరపడకండి: డాన్‌ఫర్త్ కుటుంబంలో థామస్‌లు ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారు, కాబట్టి చట్రం ఆకారం, పక్కనున్న బొమ్మా కూడా సరిపోవాలి.

5. ముద్రనూ లోహాన్నీ పోల్చండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చుట్టూ లోహం అరిగి, ముద్ర మాత్రం నిన్న కొట్టినట్టుంటే అనుమానించాలి. గుద్దిన ముద్రకు అంచులు పదునుగా ఉంటాయి, పోతలో వచ్చిన నకలుకు మొద్దుబారి, సన్నని గుంటలు పడి ఉంటాయి. ‘ప్యూటర్’ అన్న మాటే గుద్ది ఉంటే అది దాదాపు ఎప్పుడూ 20వ శతాబ్దపు సరుకే.