సర్జన్ అవ్వాలనుకునే బైపీసీ పిల్లలకు నాలుగు మాటలు

ముందు లెక్క చూసుకో. ఇంటర్ అయ్యాక నీట్, తర్వాత ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్లీ నీట్ పీజీ, అందులో మంచి ర్యాంకు వస్తే ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు. గుండె ఆపరేషన్లు గానీ ప్లాస్టిక్ సర్జరీ గానీ చేయాలనుంటే ఎంసీహెచ్ పేరుతో ఇంకో 3 ఏళ్లు. మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకపోయినా నీ వయసు 30 దగ్గర పడుతుంది. నీతో ఇంటర్ చదివి బీటెక్‌కి వెళ్లినవాడు గృహప్రవేశానికి పిలిచే రోజుకి నువ్వు పీజీలో నైట్ డ్యూటీ చేస్తుంటావు, లీవు కూడా దొరకదు. ఈ సంగతి ఇంట్లో వాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టు, ఎందుకంటే 25 ఏళ్లొచ్చాక "ఇంకా చదువేనా" అన్న మాట గట్టిగానే తగులుతుంది, అమ్మాయిలకైతే పెళ్లి గొడవ అదనం.

నీట్ గురించి ఒక్కటే చెప్తా. 180 ప్రశ్నల్లో 90 బయాలజీ, అది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వరస తప్పకుండా చదివితే చాలావరకు వచ్చేస్తుంది. మన పిల్లలు దెబ్బతినేది ఫిజిక్స్‌లో. లెక్కలు వదిలించుకోవడానికే బైపీసీ తీసుకున్నవాళ్లు గ్రాఫులు, లాగరిథమ్స్, కాస్త త్రికోణమితి మళ్లీ పట్టుకోక తప్పదు.

సీటు వచ్చాక మొదటి ఏడాది అనాటమీ. శవాల్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో, అవి పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతాయి, చాలామంది వెనక వరసలో నిలబడి ఫోన్ చూసుకుంటారు. నువ్వు మాత్రం ముందుకెళ్లి పట్టకారు అడిగి తీసుకో. పుస్తకంలో ధమనికి ఎరుపు, సిరకి నీలం, నరానికి పసుపు రంగు వేసి ఉంటాయి, శవంలో అన్నీ ఒకే మట్టి రంగు. వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తే నరం గట్టిగా తాడులా తగులుతుంది, ధమని మందమైన గొట్టం, సిర పల్చగా అణిగిపోయి ఉంటుంది. ఈ తేడా బొమ్మల్లో దొరకదు.

ఆపరేషన్ థియేటర్‌లోకి మొదటిసారి వెళ్లే రోజు టిఫిన్ తినకుండా వెళ్లకు. గంటల తరబడి కదలకుండా నిలబడితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి, అది పిరికితనం కాదు. మోకాళ్లు బిగించి నిలబడకు, కాలివేళ్లు ఆడిస్తూ ఉండు, చెమట పట్టి చెవుల్లో హోరు మొదలైతే టేబుల్‌కి దూరంగా జరిగి గోడ పక్కన కింద కూర్చో. ఎవరూ ఏమీ అనుకోరు, టేబుల్ మీద పడితేనే అందరికీ టెన్షన్.

చేతి నేర్పు గురించి బెంగ వద్దు. కుర్చీ చేతికి దారం కట్టి రోజూ ముడులు వేస్తూ ఉండు, ముందు రెండు చేతులతో, తర్వాత ఒంటిచేత్తో. రెండో ముడి మొదటిదానికి ఎదురు దిశలో పడాలి, లేకపోతే జారిపోతుంది. (పెళ్లిలో మూడు ముళ్లకి ఈ పరీక్ష ఉండదు.) ఎడమచేతివాటం వాళ్లలో మంచి సర్జన్లు ఉన్నారు.

నిజానికి ఈ పనిలో ఎక్కువ భాగం కత్తి పట్టకముందే జరిగిపోతుంది, కోయాలా వద్దా, ఇప్పుడా పొద్దున్నా అని తేల్చుకోవడంలో. కడుపునొప్పితో అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చిన కుర్రాణ్ని చూడు. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందంటే అపెండిక్స్ అనుమానం. పొట్ట నొక్కేటప్పుడు నీ చెయ్యి కాదు, అతని మొహం చూడు, "నొప్పి లేదు సార్" అంటూనే కనుబొమలు ముడేస్తాడు. తేల్చుకోలేకపోతే కొన్ని గంటలాగి మళ్లీ నువ్వే వెళ్లి నొక్కి చూడు, ఎందుకంటే మార్పు కనిపెట్టేది మొదటిసారి చూసిన చెయ్యే. సీనియర్‌కి చెప్పడం మాత్రం ఆపకు.

ఇంకో విషయం, సర్జన్ అంటే జనరల్ సర్జరీ ఒక్కటే కాదు. కళ్లు, ఈఎన్‌టీ, ఎముకలు, గైనిక్ అన్నీ కత్తి పట్టే బ్రాంచులే, జీవితం మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. అర్ధరాత్రి పిలుపులు గైనిక్‌లో ఎక్కువ, కళ్ల డాక్టరుకి తక్కువ.

ఇంటర్న్‌షిప్‌లో పీజీ ప్రిపరేషన్ పేరుతో వార్డు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, ర్యాంకు లేకపోతే సీటు రాదు కాబట్టి వాళ్లని తప్పుపట్టలేను. అయినా సర్జరీ పోస్టింగ్ నడిచినన్నాళ్లూ పుస్తకం రాత్రికి పెట్టుకుని, పగలు డ్రెస్సింగులు, కుట్లు అడిగి మరీ చెయ్యి.