అలాస్కా క్రూజ్‌కి కెమెరా సామాను ఎలా ఎంచుకోవాలి?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, అమెరికాలో ఉండే మనవాళ్ళ ఇళ్ళల్లో తప్పకుండా వినిపించే ప్లాన్లలో అలాస్కా క్రూజ్ ఒకటి. సియాటిల్‌లోనో వాంకూవర్‌లోనో ఓడ ఎక్కితే వారం రోజుల్లో కెచికాన్, జూనో, స్కాగ్వే ఊళ్ళతో పాటు ఏదో ఒక పెద్ద గ్లేసియర్ కూడా చూసి రావచ్చు. టికెట్లు బుక్ అయ్యాక ఇంట్లో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళకి కొత్త టెన్షన్ మొదలవుతుంది: ఏ కెమెరా కొనాలి?

కెమెరా సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవాల్సింది దూరం.

1. ఎంత దూరం నుంచి తీస్తారో లెక్క వేసుకోండి

దీనికి చిన్న లెక్క ఉంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్నది) వెలుతురుని ఫొటోగా మార్చే సెన్సర్ వెడల్పు 36 మి.మీ. మీ ముందున్నది ఎన్ని మీటర్ల దూరంలో ఉందో దాన్ని 36తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే సంఖ్య, అది పెద్దదైతే దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) భాగించండి. వచ్చిన సంఖ్య, ఫొటోలో అడ్డంగా పట్టే మీటర్లు. కాగితం మీద పది నిమిషాలు ఈ లెక్క చేస్తే సగం షాపింగ్ అయిపోయినట్టే.

తిమింగలంతో మొదలుపెడదాం. చలికాలం హవాయి దగ్గర గడిపే హంప్‌బ్యాక్ తిమింగలాల్లో చాలా భాగం వేసవిలో తిండి కోసం అలాస్కాకి వస్తాయి. జూనో దగ్గర ఆక్ బే నుంచి వాటిని చూపించే చిన్న పడవలు బయల్దేరతాయి. అలాస్కా జలాల్లో హంప్‌బ్యాక్‌కి 100 గజాల కంటే దగ్గరికి పడవ వెళ్ళకూడదని అక్కడి ఫెడరల్ నిబంధన. లెక్క సులువుగా ఉండటానికి 100 మీటర్లు అనుకుందాం. తిమింగలం మునిగేముందు పైకెత్తే తోక వెడల్పు సుమారు నాలుగున్నర మీటర్లు.

400 మి.మీ. లెన్స్‌తో అంత దూరంలో 9 మీటర్ల మేర ఫ్రేములో పడుతుంది. అంటే తోక సగం ఫ్రేమును నింపేస్తుంది, ఫొటో అదిరిపోతుంది. 100 మి.మీ.తో తీస్తే 36 మీటర్లు పడుతుంది, తోక ఎనిమిదో వంతు. ఫోన్‌లో మామూలుగా వాడే కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో దాదాపు 24 మి.మీ.కి సమానం. దానికి 150 మీటర్లు పడుతుంది, తోక మూడు శాతం. ఇంటికొచ్చాక ఆ ఫొటో చూపించి "ఇదిగో, ఆ నల్ల చుక్కే తిమింగలం" అని వేలు పెట్టి చెప్పుకోవాలి. ఇదంతా చిన్న పడవ లెక్క. క్రూజ్ ఓడ డెక్ మీద నుంచి అరకిలోమీటరు దూరంలో కనిపిస్తే 400 మి.మీ.లో కూడా తోక ఫ్రేములో పదో వంతే. అందుకే తిమింగలం ఫొటో మీద గట్టిగా మనసున్నవాళ్ళు లెన్స్ మీద పెట్టే డబ్బులో కొంత ఆ పడవ టికెట్‌కి మళ్ళించడం మంచిది.

ఇప్పుడు గ్లేసియర్ చూద్దాం. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోని మార్జరీ గ్లేసియర్ ముఖం దాదాపు మైలు వెడల్పు, నీటి మీద కనిపించే ఎత్తు సుమారు 250 అడుగులు. ఓడ అరమైలు దూరంలో ఆగిందనుకోండి. 24 మి.మీ.లో 1200 మీటర్లు పడుతుంది, మైలు వెడల్పున్న గ్లేసియర్ మొత్తం అందులో పట్టదు! పానోరమా తీయాల్సిందే. అదే చోటు నుంచి 400 మి.మీ.తో తీస్తే 72 మీటర్ల మేర మాత్రమే వస్తుంది, ఒక్క మంచు స్తంభం ఫ్రేము నిండా నిలబడుతుంది. హబ్బార్డ్ గ్లేసియర్ అయితే ముఖమే ఆరు మైళ్ళు దాటుతుంది.

ఈ లెక్కలన్నీ చేస్తే తేలేది ఇది: బాగా వెడల్పుగా తీసేది ఒకటి, 400 దాకా వెళ్ళేది ఒకటి ఉండాలి. మధ్యలో ఉన్నవి లేకపోయినా పని జరిగిపోతుంది.

2. లెన్స్ ముందు, బాడీ తర్వాత

ఇంట్లో ఇప్పటికే మిర్రర్‌లెస్‌ కెమెరానో డీఎస్ఎల్ఆర్‌నో ఉంటే కొత్త బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) కొనకండి. పదేళ్ళ నాటి బాడీకి మంచి టెలిఫొటో తగిలిస్తే వచ్చే తిమింగలం, సరికొత్త బాడీకి కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్స్) రాదు.

మీది ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) అయితే ఈ ట్రిప్పులో మీకు లాభమే. 400 మి.మీ. లెన్స్ దాని మీద 600 లాగా పనిచేస్తుంది (కెనాన్‌లో 640). సోనీ ఏపీఎస్-సీ కెమెరాలకి వచ్చే 70-350 మి.మీ. లెన్స్ 625 గ్రాములే, కానీ 525 మి.మీ.తో సమానమైన దృశ్యం ఇస్తుంది. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 కూడా దాదాపు అంతే బరువు, 635 గ్రాములు. ఓడలో గంటల తరబడి మెడలో వేలాడే వస్తువు కాబట్టి గ్రాముల్ని తేలిగ్గా తీసుకోవద్దు. 200-600 రకం లెన్సులు రెండు కిలోల దగ్గర ఉంటాయి. పక్షుల ఫొటోలే ప్రాణం అయితే సరే, లేకపోతే రెండో రోజుకే అది క్యాబిన్‌లో ఉండిపోతుంది. పైగా అవి 200 దగ్గరే మొదలవుతాయి, చిన్న పడవకి అనుకోకుండా దగ్గరగా ఏదైనా తేలితే సగం కట్ అయిపోతుంది.

ఎఫ్/2.8 లెన్స్ (ఎక్కువ వెలుతురు తీసుకునేది, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది) లేదే అని బాధపడక్కర్లేదు. జూన్‌లో జూనోలో సూర్యుడు తెల్లవారుజాము నాలుగుకే వచ్చి రాత్రి పది దాకా ఉంటాడు. మబ్బుగా ఉన్నా ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయిని) 1600కో 3200కో పెంచుకుంటే ఎఫ్/6.3, ఎఫ్/8 లెన్సులతో హాయిగా నడిచిపోతుంది.

వెడల్పు ఫొటోలకి 24-105 లాంటి జూమ్ ఉంటే మంచిదే. లేకపోతే మంచి ఫోన్ ఆ పని చేసిపెడుతుంది. నన్నడిగితే, కెమెరాకి 100-400 తగిలించి వారమంతా దాన్ని విప్పకుండా, వెడల్పువన్నీ ఫోన్‌తో లాగించేయడం చాలామందికి సరిపోయే పద్ధతి. గాలికి ఉప్పునీటి తుంపర లేచే డెక్ మీద లెన్స్ మార్చడమంటే సెన్సర్‌ని తడపడమే.

అసలు లెన్సులు మార్చే ఓపికే లేదంటారా? సోనీ ఆర్ఎక్స్10 నాలుగో మోడల్ లాంటి బ్రిడ్జ్ కెమెరా చూడండి. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 600 మి.మీ. దాకా ఒకే లెన్స్, బరువు కిలో పైచిలుకు. సెన్సర్ చిన్నది కాబట్టి మసక వెలుతురులో నాణ్యత కొంత తగ్గుతుంది, ఆల్బమ్‌కి మాత్రం ఢోకా లేదు.

ఇంకొకటి. కెమెరా ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్ళు చూస్తూ నిలబడాలి కదా, నాన్నగారి మెడలో ఒక బైనాక్యులర్స్ వేయండి. 8×42 (8 రెట్లు దగ్గరగా చూపించేవి, ముందు అద్దం 42 మి.మీ.) తీసుకోండి. 10 రెట్లు చూపించేవి కదిలే ఓడ మీద మరీ ఊగిపోతాయి.

3. కొనడం కంటే అద్దె నయం

వారం ట్రిప్పు కోసం పెద్ద టెలిఫొటో కొనడం నాకు నచ్చదు. తిరిగొచ్చాక పిల్లల పుట్టినరోజుకి 400 మి.మీ. ఎవరికీ అక్కర్లేదు. అమెరికాలో లెన్సులు పోస్టులో పంపి అద్దెకిచ్చే సంస్థలు ఉన్నాయి. ఇండియా నుంచే తెచ్చుకుంటే హైదరాబాద్, విజయవాడల్లో పెళ్ళి ఫొటోగ్రాఫర్లకి అద్దెకిచ్చే షాపుల్లో అడగండి. విదేశానికి తీసుకెళ్తున్నామని ముందే చెప్పి, డిపాజిట్, డ్యామేజ్ షరతులు రాయించుకోండి.

ఓడ ఎక్కే రోజుకి కాకుండా నాలుగు రోజులు ముందే చేతికి వచ్చేలా బుక్ చేయండి. ఆ నాలుగు రోజులూ చెరువు దగ్గరికో సముద్రం ఒడ్డుకో వెళ్ళి ఎగిరే పక్షుల్ని తీయండి. 400 మి.మీ.లో కదిలేదాన్ని వెతికి పట్టుకోవడమే పెద్ద కష్టం. షట్టర్ స్పీడ్ 1/1000 నుంచి 1/2000 మధ్య, ఆటోఫోకస్ కంటిన్యుయస్‌లో (కదిలేదాన్ని వెంబడించేలా), బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసేది) ఆన్. ఇవి చేతికి అలవాటైతే తిమింగలం తేలినప్పుడు మెనూల్లో వెతుక్కోరు.

4. చలి కంటే తడికి ఎక్కువ భయపడండి

అలాస్కా అనగానే అందరూ మంచు తుఫాను ఊహించుకుంటారు. క్రూజ్ తిరిగే ఆగ్నేయ అలాస్కా నిజానికి వానల అడవి. కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన పడుతుంది, హైదరాబాద్‌లో పడేదానికి నాలుగు రెట్ల పైనే. కాబట్టి లెన్స్‌కి వెదర్ సీలింగ్ (తడి, దుమ్ము లోపలికి పోకుండా ఉండే ఏర్పాటు) ఉందో లేదో కొనే ముందే చూసుకోండి. పైన చెప్పిన కెనాన్ 100-400కి అది లేదు, దానికి ప్లాస్టిక్ రెయిన్ కవర్ తప్పనిసరి. కవర్ దొరక్కపోతే హోటల్ బాత్రూంలో ఇచ్చే షవర్ క్యాప్ కూడా బాడీ మీద బాగానే కూర్చుంటుంది. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) ఎప్పుడూ తగిలించే ఉంచండి, చినుకుల్ని ఆపడానికి దానికి మించింది లేదు. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు పెట్టుకోండి, ఒకటి తడిస్తే ఇంక పనికిరాదు.

రెండో తడి కనిపించకుండా వస్తుంది. మే నెలలో ఏసీ గదిలోంచి బయటికి అడుగుపెట్టగానే కళ్ళద్దాలు మసకబారినట్టే, చల్లని డెక్ మీద నుంచి వెచ్చని క్యాబిన్‌లోకి వెళ్ళగానే కెమెరా మీద ఆవిరి పేరుకుంటుంది, లోపల కూడా. డెక్ మీద ఉండగానే కెమెరాని పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసి, లోపలికి తీసుకెళ్ళి ఓ గంట దాకా తెరవకండి. కార్డు కావాలంటే కవర్లో పెట్టే ముందే తీసుకోండి.

ఇక చలి. వేసవిలో ఊళ్ళల్లో పగలు 10 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. గ్లేసియర్ ముందు గాలి మాత్రం కోసేస్తుంది. చలికి లిథియం బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, కాబట్టి రెండు స్పేర్లు కోటు లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి. విమానంలో స్పేర్ బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. బటన్లు నొక్కడానికి వీలైన పల్చటి గ్లవ్స్ ఒక జత చాలు.

5. ఇంట్లో వదిలేయాల్సినవి

ట్రైపాడ్ మొదటిది. ఓడే కదులుతుంటే, ఇంజను డెక్‌ని వణికిస్తుంటే అది ఏం పట్టుకుంటుంది? షట్టర్ స్పీడ్ 1/500 దాటిస్తే చేతులే చాలు. డ్రోన్ రెండోది. అమెరికా నేషనల్ పార్కుల్లో ఎగరేయడం నిషేధం, ఓడ కంపెనీలూ చాలా వరకు ఒప్పుకోవు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్పుల్ని కూడా చాలా ఓడల్లో ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. బదులుగా మూడు నాలుగు పోర్టులున్న యూఎస్‌బీ చార్జర్ తీసుకెళ్ళండి. పోలరైజర్ ఫిల్టర్ నీటి మెరుపు తగ్గిస్తుంది కానీ ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు మింగేస్తుంది, టెలిఫొటో మీద వద్దు.

6. గ్లేసియర్ రోజు

గ్లేసియర్ బేలోకి రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే అనుమతిస్తారు. పొద్దున్నే పార్క్ రేంజర్లు ఓడ ఎక్కి మైకులో వివరిస్తుంటారు. మార్జరీ ముందు ఓడ నెమ్మదిగా తిరుగుతుంది, రెండు వైపుల వాళ్ళకీ కనిపిస్తుంది. ముందు వరస కోసం కొట్టుకోనక్కర్లేదు. అన్నిటికన్నా పై డెక్ మీద జనం, గాలి ఎక్కువ. ప్రామనేడ్ డెక్ (ఓడ చుట్టూ నడిచే కింది డెక్) మీద గాలి తక్కువ, నీటికి దగ్గర, సీల్ కనిపిస్తే కోణం కూడా బాగుంటుంది.

బాల్కనీ ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి. తలుపు తెరిచి గదిలో నిలబడి తీస్తే, లోపలి వేడిగాలి బయటి చల్లగాలితో కలిసి అలలు అలలుగా ఊగుతుంది. 400 మి.మీ.లో మంచంతా మసకగా కనిపిస్తుంది, తప్పు లెన్స్‌ది అనుకుంటాం. బయటికి వచ్చి, తలుపు మూసి, కెమెరా కాస్త చల్లబడ్డాక తీయండి.

మంచు విరిగిపడే క్షణం కోసం చెవుల్ని నమ్ముకోకండి. అరమైలు దూరంలో మంచు విరిగితే ఆ శబ్దం మన దాకా రావడానికి రెండు సెకన్ల పైనే పడుతుంది. ఢాం అని వినిపించి అటు తిరిగేసరికి ముక్క నీళ్ళల్లో ఉంటుంది. అప్పటికే చిన్న చిన్న ముక్కలు రాలుతున్న చోటు చూసుకుని, 200 మి.మీ. దగ్గర ఫ్రేము వదులుగా పెట్టి, వేలు బటన్ మీద ఉంచి కాచుకోండి. పెద్ద ముక్క తరచుగా అక్కడే ఊడుతుంది.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 0.7కో ప్లస్ 1కో పెంచండి, లేకపోతే కెమెరా తెల్లటి మంచుని బూడిద రంగులోకి దించేస్తుంది. మంచు ఎరుపు కాంతిని పీల్చుకోవడం వల్ల గ్లేసియర్ నీలంగా కనిపిస్తుంది. మబ్బుగా ఉంది కదా అని వైట్ బ్యాలెన్స్‌లో (ఫొటో రంగుల్ని దిద్దే సెట్టింగ్) క్లౌడీ పెడితే ఆ నీలం కాస్తా పోతుంది, డేలైట్‌లో ఉంచండి. రా ఫైళ్ళు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైళ్ళు) తీస్తే దీన్ని తర్వాత కూడా దిద్దుకోవచ్చు. ఫ్రేములో ఎక్కడో ఒక పడవో, ఎగిరే పక్షో పడేలా చూడండి. అది లేకపోతే ఆ గోడ 250 అడుగులో 25 అడుగులో చూసేవాళ్ళకి తెలియదు.

7. కార్డులు, కాపీలు

ఒకే పెద్ద కార్డు కంటే 128 జీబీవి రెండు మేలు. ఓడలోని ఇంటర్నెట్‌తో క్లౌడ్‌కి ఎక్కిద్దామనుకోవద్దు, చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి పట్టుకెళ్ళి రాత్రిళ్ళు కాపీ చేసుకోండి. కాపీ అయ్యే లోపు కెమెరాని, లెన్స్ బయటి భాగాన్ని తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి, ఉప్పు పేరుకుంటే రింగులు బిగుసుకుపోతాయి. అద్దెకి తెచ్చిన బాడీ అయితే తిరిగి పంపే పెట్టెలో పెట్టే ముందు కార్డు తీశారో లేదో ఒకసారి తెరిచి చూడండి.