ఇంగ్లండ్‌లో అవే మ్యాచ్‌కి వెళ్లిరావాలంటే: దారి ఖర్చు తగ్గించుకునే పద్ధతి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్‌లో అవే మ్యాచ్ (మన జట్టు ప్రత్యర్థి మైదానంలో ఆడే మ్యాచ్) టికెట్ ధర 2016-17 సీజన్ నుంచి 30 పౌండ్లు దాటలేదు. అభిమానుల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్న పరిమితి అది. అయినా లండన్ నుంచి న్యూకాజిల్‌కో, లివర్‌పూల్‌కో ఒక్కసారి వెళ్లొస్తే నెల బడ్జెట్ తలకిందులవుతోంది. డబ్బంతా దారిలోనే పోతోంది: రైలు ఛార్జీ, రాత్రి బస, వదులుకున్న షిఫ్ట్. ఈ మూడింటినీ పెంచేది మ్యాచ్ తేదీ చివరిదాకా తేలకపోవడమే. ఏ టికెట్ ఎప్పుడు కొనాలో తెలిస్తే ఈ ఖర్చులో చాలా భాగం తప్పించుకోవచ్చు. చదువుకోసమో ఉద్యోగం కోసమో బ్రిటన్ వచ్చి, ఇన్నాళ్లూ టీవీలో చూసిన జట్టుని కళ్లారా చూడాలనుకునే తెలుగువాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం.

జూన్‌లో వచ్చే జాబితాని నమ్మొద్దు

ఏటా జూన్‌లో లీగ్ 380 మ్యాచ్‌ల జాబితా విడుదల చేస్తుంది. అందులో చాలా మ్యాచ్‌లకి శనివారం మధ్యాహ్నం 3 గంటలని ఉంటుంది. అది తాత్కాలికం. బ్రిటన్‌లో శనివారం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చేయకూడదన్న పాత నియమం ఇంకా అమల్లో ఉంది. కాబట్టి టీవీకి ఎంపికైన ప్రతి మ్యాచ్ ఆ సమయం నుంచి జరగాల్సిందే. 2025-26 నుంచి మొదలైన ఒప్పందంలో స్కై, టీఎన్‌టీ అనే టీవీ సంస్థల్లో మొదటిది కనీసం 215, రెండోది 52 మ్యాచ్‌లు చూపిస్తాయి. అంటే పదింటిలో ఏడు మ్యాచ్‌లు టీవీలో వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం శుక్రవారం రాత్రి 8కో, శనివారం 12:30కో 5:30కో, ఆదివారం 2కో 4:30కో, సోమవారం రాత్రి 8కో మారిపోతాయి.

ఈ మార్పుల్ని విడతలుగా, సాధారణంగా ఐదారు వారాల ముందు ప్రకటిస్తారు. చవకైన అడ్వాన్స్ రైలు టికెట్లేమో (ఎంచుకున్న ఒక్క రైలుకే చెల్లేవి) దాదాపు 12 వారాల ముందు నుంచే అమ్మకానికి వస్తాయి. ఈ మధ్యలో ఉన్న ఆరేడు వారాల్లోనే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. శనివారానికని 12 వారాల ముందే కొంటారు, మ్యాచ్ ఆదివారానికి మారుతుంది, అడ్వాన్స్ టికెట్‌కి డబ్బు వాపసు రాదు.

ప్రకటన వచ్చాక కూడా రెండు అనుమానాలు మిగులుతాయి. గురువారం యూరప్‌లో ఆడే జట్టు లీగ్ మ్యాచ్ దాదాపు ఎప్పుడూ ఆదివారానికి వెళ్తుంది. ఏదో ఒక జట్టు ఎఫ్ఏ కప్ లాంటి నాకౌట్ పోటీలో ముందుకు వెళ్తే ఆ వారాంతపు లీగ్ మ్యాచ్ మొత్తానికే వాయిదా పడుతుంది. మీ జట్టొక్కటే కాదు, ప్రత్యర్థి జట్టు కప్పుల్లో ఎక్కడుందో కూడా చూసుకోండి. జనవరి తర్వాత ఇది మరీ ముఖ్యం.

రైలు టికెట్ కొనే క్రమం

ముందుగా ఆ దారికి ఆఫ్-పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల్లో చెల్లే రానుపోను టికెట్) ధర చూడండి. ముందు కొన్నా ఆ రోజు కొన్నా దాని ధర మారదు, కోటా అయిపోదు, శని ఆదివారాల్లో దాదాపు ఏ రైలైనా ఎక్కొచ్చు. సాధారణంగా తిరుగు ప్రయాణానికి నెల గడువుంటుంది. అంటే మీరు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం అదే. తేదీ తేలకముందు దీన్ని కొనాల్సిన అవసరమే లేదు. కొని వద్దనుకుంటే ప్రయాణానికి ముందు రోజే రద్దు చేసుకోండి, చిన్న రుసుము పోను మిగతాది తిరిగొస్తుంది.

తేదీ ఖరారైన రోజే, అంటే ప్రకటన వచ్చిన గంటల్లోనే, రాను పోను రెండు అడ్వాన్స్ సింగిల్స్ (ఒకవైపు టికెట్లు) ధర చూసి ఆఫ్-పీక్ రిటర్న్‌తో పోల్చండి. అవే మ్యాచ్‌కి వెళ్లే మూడు వేలమందీ అదే రైలు కోసం వెతుకుతుంటారు, చవక కోటా ఆ సాయంత్రానికే కరిగిపోతుంది. తేడా చాలా తక్కువగా ఉంటే మాత్రం ఆఫ్-పీక్ తీసుకోవడమే మంచిదని మా అభిప్రాయం. మ్యాచ్ ఆలస్యమైనా తర్వాతి రైలెక్కే వీలుంటుంది.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. లండన్ నుంచి న్యూకాజిల్, ఎడిన్‌బరా దారిలో ఎల్ఎన్ఈఆర్ రైలు కంపెనీ 2024 నుంచి పాత సూపర్ ఆఫ్-పీక్ టికెట్లు తీసేసింది. వాటి స్థానంలో అడ్వాన్స్, 70 నిమిషాల ఫ్లెక్స్, ఎనీటైమ్ (ఏ వేళలోనైనా చెల్లేది) మాత్రమే ఉంచింది. ఫ్లెక్స్ ధర గిరాకీని బట్టి పెరుగుతుంది, ఎంచుకున్న రైలుకి 70 నిమిషాలు అటూ ఇటూ మాత్రమే చెల్లుతుంది. ఈ దారిలో పైన చెప్పిన గరిష్ఠ మొత్తం లెక్క కుదరదు. ఇదే పట్టాలపై నడిచే లూమో అనే మరో కంపెనీ రైళ్ల ధర కూడా చూసుకోండి.

తర్వాత స్ప్లిట్ టికెట్లు. ఒకే ప్రయాణాన్ని రెండు మూడు ముక్కలుగా కొంటే కొన్ని దారుల్లో గణనీయంగా తగ్గుతుంది. ఇది నిబంధనల ప్రకారం సబబే. మీరెక్కిన రైలు ముక్క మారే స్టేషన్లో ఆగాలి, మీరు దిగక్కర్లేదు. కానీ అడ్వాన్స్ టికెట్ మార్చుకోవాలంటే ఒక్కో టికెట్‌కి 10 పౌండ్ల వరకు రుసుము, ఆపైన ధరలో తేడా కట్టాలి. నాలుగు ముక్కలుగా కొన్న టికెట్‌కి నాలుగు రుసుములు పడతాయి. కప్ మ్యాచ్‌ల వల్ల వాయిదా భయం ఉన్నప్పుడు స్ప్లిట్ జోలికి వెళ్లకండి.

రైల్‌కార్డ్ లెక్క

16-25 రైల్‌కార్డ్ ధర 2025 మార్చి నుంచి ఏడాదికి 35 పౌండ్లు, తగ్గింపు మూడో వంతు. ఏడాదిలో 105 పౌండ్ల విలువైన ప్రయాణాలు చేస్తే కార్డు ఖర్చు తిరిగొచ్చినట్టే. రెండు దూరపు మ్యాచ్‌లు చాలు. వయసు 25 దాటినా పూర్తికాలం చదువుతుంటే ఈ కార్డు తీసుకోవచ్చు. మాస్టర్స్‌కి వచ్చే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న పత్రం అవసరమవుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం పదిలోపు కనీస ఛార్జీ 12 పౌండ్లన్న నియమం వారాంతపు మ్యాచ్‌లకి అడ్డు రాదు.

ఎప్పుడూ ఇద్దరే కలిసి వెళ్తుంటే టూ టుగెదర్ కార్డు చవక. ఒకే 35 పౌండ్లు, తలా 17.50. కానీ కార్డు మీద పేరున్న ఇద్దరూ పక్కపక్కనే ప్రయాణించాలి. ఒకరు మానేస్తే రెండోవారికి తగ్గింపు చెల్లదు, తనిఖీలో దొరికితే జరిమానా. ముగ్గురి నుంచి తొమ్మిదిమంది దాకా ఉంటే గ్రూప్‌సేవ్ కింద ఏ కార్డూ లేకుండానే ఆఫ్-పీక్ ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. అన్ని రైలు కంపెనీలూ ఇవ్వవు, టికెట్ కొనేటప్పుడే సరిచూసుకోండి.

తిరుగు రైలు ఎప్పటిది తీసుకోవాలి

కిక్‌ఆఫ్ నుంచి ఆట ముగిసేసరికి, విరామం, అదనపు నిమిషాలు కలిపి, రెండు గంటలు వేసుకోండి. స్టేడియం నుంచి స్టేషన్ దగ్గరైతే కిక్‌ఆఫ్ తర్వాత మూడు గంటలకి ఉన్న రైలు, దూరమైతే మూడున్నర గంటల తర్వాతిది క్షేమం. న్యూకాజిల్ స్టేషన్ నుంచి ఆ జట్టు స్టేడియం సెయింట్ జేమ్స్ పార్క్‌కి పావుగంట నడక. లివర్‌పూల్ జట్టు స్టేడియం ఆన్‌ఫీల్డ్ పక్కన రైలు స్టేషనే లేదు, నగరం నడిబొడ్డుకి బస్సులోనో, శాండ్‌హిల్స్ స్టేషన్ మీదుగానో రావాలి. మ్యాచ్ వదిలాక ఆ బస్సుల కోసం నిలబడే వరుసే అరగంట తింటుంది. బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియానికి ఆస్టన్, విటన్ రెండు స్టేషన్లున్నాయి. విటన్ దగ్గర వరుస పెద్దదైతే ఆస్టన్‌కి నడిచిపొండి. కొన్ని మ్యాచ్‌లకి పోలీసులు అవే అభిమానుల్ని కొద్దిసేపు లోపలే ఆపుతారు.

ఎఫ్ఏ కప్‌లో 2024-25 నుంచి మొదటి రౌండ్ మొదలుకొని రీప్లేలు (సమమైన మ్యాచ్‌ని మరో రోజు మళ్లీ ఆడటం) రద్దయ్యాయి. స్కోరు సమమైతే అక్కడే అదనపు సమయం, పెనాల్టీలు. దానికి మరో 45 నిమిషాల నుంచి గంట. కప్ మ్యాచ్‌కి తిరుగు ప్రయాణం అడ్వాన్స్‌లో తీసుకోకండి.

సోమవారం రాత్రి 8 గంటల మ్యాచ్ న్యూకాజిల్‌లో అయితే, అది ముగిసేసరికి లండన్ వైపు చివరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. రాత్రి బస్సో, బసో తప్పదు. అందుకే బస విషయంలో మాత్రం తొందరపడటం మంచిది. ఉచితంగా రద్దు చేసుకునే రేటు దొరికితే తేదీ తేలకముందే శనివారానికొకటి, ఆదివారానికొకటి పట్టుకుని, ఖరారయ్యాక అక్కర్లేనిది వదిలేయండి. నగరంలో ధర మండిపోతుంటే పక్క ఊరు చూడండి: మాంచెస్టర్‌కి స్టాక్‌పోర్ట్, పది నిమిషాల రైలు దూరం.

ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు ఎక్కువ, రైలు బదులు బస్సు ఎక్కించడం మామూలే. డిసెంబర్ 26న దేశంలో రైళ్లు దాదాపు నడవవు, ఆ రోజు మ్యాచ్ ఉంటే కారో, అభిమానుల బస్సో తప్ప దారి లేదు. రైలు ఆలస్యమైతే డిలే రిపే కింద 28 రోజుల్లోపు డబ్బు అడగండి. అరగంట దాటితే ఆ ప్రయాణపు ఛార్జీలో సగం, గంట దాటితే మొత్తం. చాలా కంపెనీలు 15 నిమిషాలకే పావు వంతు ఇస్తాయి. స్ప్లిట్ టికెట్లయితే అన్ని ముక్కలూ ఒకే దరఖాస్తులో జతచేయాలి, ఒక్క ముక్కే పంపితే దాని వరకే లెక్కగడతారు.

కారు, బస్సు

నలుగురుంటే కారు రైలుకంటే చవక పడే అవకాశం ఎక్కువ. మన దేశపు లైసెన్సుతో బ్రిటన్‌లో స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు కారు నడపొచ్చు. డ్రైవర్ కాక ఎనిమిది సీట్లు దాటిన మినీబస్సు నడపడానికి అది చాలదు. పెట్రోలు ఖర్చు పంచుకోవచ్చు, లాభం మాత్రం తీసుకోకూడదు, తీసుకుంటే బీమా చెల్లకపోయే ప్రమాదం ఉంది. స్టేడియం చుట్టుపక్కల వీధుల్లో మ్యాచ్ రోజున స్థానికులకే పార్కింగ్ అని బోర్డులుంటాయి, చదవకుండా పెడితే జరిమానా. ఊరి అంచున ట్రామ్ స్టాప్ దగ్గర ఆపి లోపలికి వెళ్లడం మేలు. పాత కారుతో లండన్‌లోకి వస్తే రోజుకి 12.50 పౌండ్ల యూలెజ్ (కాలుష్యం ఎక్కువ చేసే వాహనాలపై వేసే) రుసుము పడొచ్చు, నంబరు ముందే సరిచూసుకోండి.

నిజానికి అందరికంటే తక్కువ ఆందోళనతో వెళ్లొచ్చేది అభిమానుల సంఘం బస్సులో. మ్యాచ్ ఎంత ఆలస్యమైనా అది ఆగుతుంది, తేదీ మారితే తేదీతోపాటే మారుతుంది. 2013 నుంచి అవే అభిమానుల కోసం క్లబ్బులు ప్రత్యేకంగా నిధి పక్కనపెట్టాయి, దూరపు మ్యాచ్‌లకి రాయితీ బస్సులు నడపడానికి దాన్ని వాడుకున్నవీ ఉన్నాయి. మీ క్లబ్‌ని అడగండి. బస్సులో మద్యం తీసుకెళ్లడం 1985 నాటి చట్టం ప్రకారం నేరం. తిండి పట్టుకెళ్లొచ్చు. పులిహోర, చపాతీ చుట్టలు ఫాయిల్‌లో కట్టుకోండి. స్టీలు డబ్బాలు, గాజు సీసాలు గేటు దగ్గర ఆపేస్తారు, ఏ4 కాగితం కంటే పెద్ద సంచిని చాలా స్టేడియాల్లోకి రానివ్వరు.

షిఫ్ట్ లెక్క మరవొద్దు. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకి 12.71 పౌండ్లు. ఎనిమిది గంటల షిఫ్ట్ వదులుకుంటే దాదాపు 102 పౌండ్లు పోయినట్టే, మ్యాచ్ టికెట్‌కి మూడింతలకు పైన. మరుసటి ఉదయం కూడా పోగొట్టే సోమవారం మ్యాచ్ కంటే శనివారం 12:30 మ్యాచ్ ఎప్పుడూ చవక.

యూరప్ మ్యాచ్‌కైతే వీసాతో మొదలుపెట్టాలి

2025-26లో యూఈఎఫ్ఏ అవే టికెట్ పరిమితి చాంపియన్స్ లీగ్‌కి 50 యూరోలు, యూరోపా లీగ్‌కి 35. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి షెంజెన్ వీసా రుసుమే 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం ఛార్జీ అదనం. నాకౌట్ డ్రా తర్వాత దొరికే వ్యవధిలో అపాయింట్‌మెంటే దొరక్కపోవచ్చు. కాబట్టి ఆగస్టు చివర డ్రా తీసి, వెంటనే తేదీలు ప్రకటించే లీగ్ దశలో ఒక మ్యాచ్ ఎంచుకుని ఆ రోజే వీసా పని మొదలుపెట్టండి. మ్యాచ్ టికెట్ చేతికి రాకముందు విమానం టికెట్ కొనకండి.

టికెట్ దొరకకపోతే

కొత్త సభ్యుడికి పెద్ద క్లబ్ అవే టికెట్ దొరకడం కష్టం. అవే వాటా 3,000 లేదా స్టేడియంలో పదో వంతు, ఏది తక్కువైతే అది; గతంలో మ్యాచ్‌లకి వెళ్లి పాయింట్లు పోగేసుకున్న పాత అభిమానులకే అవి సరిపోతాయి. బయట బ్లాకులో కొనొద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం 1994 చట్టం కింద నేరం. గేటు దగ్గర టికెట్ చెల్లకపోతే దారి ఖర్చంతా వృథా. క్లబ్ సొంత టికెట్ ఎక్స్‌చేంజ్, లీగ్ కప్ తొలి రౌండ్లు, మహిళల సూపర్ లీగ్ మంచి దారులు. ప్రీమియర్ లీగ్ కింది శ్రేణులైన చాంపియన్‌షిప్, లీగ్ వన్‌లో ఆడే మీ ఊరి జట్టు మ్యాచ్‌కి బస్సులో వెళ్లిపోవచ్చు. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల సింగిల్ ఛార్జీ 2025 నుంచి గరిష్ఠంగా 3 పౌండ్లే.

మ్యాచ్ ఆలస్యంగా మారి డబ్బు పోతే రసీదులు దాచిపెట్టండి. ఏ టికెట్ ఎప్పుడు కొన్నారు, తేదీ ఎప్పుడు మారింది, ఎంత నష్టపోయారు అని నాలుగు వాక్యాల్లో రాసి మీ క్లబ్ అభిమానుల ట్రస్టుకి పంపండి. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్‌కి నిరసనగా ఆన్‌ఫీల్డ్‌లో వేలమంది 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు, కొద్దిరోజుల్లోనే క్లబ్ ఆ ధర వెనక్కి తీసుకుంది. క్లబ్బుతో, లీగ్‌తో మాట్లాడటానికి కూర్చునే ట్రస్టు ప్రతినిధులకి మీ రసీదులే ఆధారం.