వరదను తట్టుకునేలా కట్టిన రోడ్డు నిజంగా తట్టుకుందో లేదో ఎలా తేల్చాలి?

వాతావరణ మార్పుల నిధులతో వేసిన రోడ్ల మీద వచ్చే నివేదికల్లో చాలావరకు ఒకటే వరుస: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని కల్వర్టులు, ఇంత ఖర్చు. అది పనుల లెక్క. వాన వచ్చినప్పుడు ఊరికి దారి తెగిందా లేదా అన్నది అందులో ఎక్కడా ఉండదు. కోస్తాలో ఇలాంటి రోడ్లు ఏటా నడిచి చూసే పని నాది. నేను చేసే పద్ధతి ఇది.

కావలసినవి: టేపు, స్పిరిట్ లెవెల్, రెండు మీటర్ల బద్ద, పొడవాటి వెదురు కర్ర, పెయింటు, ఫోను, గట్టి అట్ట నోటుబుక్కు. యాప్‌లు వద్దు. తడి చేతులతో స్క్రీను పని చేయదు, నోటుబుక్కు చేస్తుంది.

పని మొదలవ్వకముందే పాత పరిస్థితి రాసుకోండి. పోయిన వరదకు నీళ్లు ఎంతదాకా వచ్చాయో, బస్సు ఎన్నాళ్లు రాలేదో ఊళ్లోవాళ్లను అడగండి. పని నడుస్తున్నప్పుడు వాలు చూడండి: 3.75 మీటర్ల బీటీ రోడ్డుకు 2.5 శాతం వాలు ఇస్తే మధ్య నుంచి అంచుకు దాదాపు 4.7 సెంటీమీటర్లు దిగాలి. సైడు కాలువ ఎక్కడ కలుస్తుందో చివరిదాకా నడవండి. పొలం గట్టు దగ్గర ఆగిపోతే అది కాలువ కాదు, గుంట.

ఇక అందరూ పాడుచేసే మెట్టు. "మొదటి ఏడాది రోడ్డు చెక్కుచెదరలేదు, ప్రాజెక్టు విజయవంతం" అని రాసేస్తారు. ఆ ఏడాది గట్టి వాన పడిందా? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 80 మిల్లీమీటర్లకు నిలిచిన రోడ్డు 200కు నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. అందుకే దెబ్బతిన్నా, తినకపోయినా పక్కనే వాన అంకె రాయాలి.

ఆ అంకె జిల్లా సగటు కాకూడదు, దగ్గరి వర్షమాపకానిదే కావాలి. రోజు లెక్క ఉదయం 8.30కి మారుతుంది కాబట్టి తెల్లవారుజామున మొదలైన వాన రెండు రోజుల ఖాతాలో చీలిపోతుంది. రెండూ చూడండి. ఎగువన పడ్డదీ చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు ఊళ్లో పడ్డ వాన ఒక్కదానివే కావు.

పోలికకు అదే వాగు, అదే నేల మీద మామూలుగా వేసిన రోడ్డు ఒకటి కావాలి. నల్లరేగడి రోడ్డును ఎర్రమట్టి రోడ్డుతో పోలిస్తే ఏమీ తేలదు. ఆ జత రోడ్డును పని మొదలవ్వకముందే ఎంచుకుని కాగితం మీద పెట్టండి. వరద వెళ్లాక ఎంచుకుంటే చెయ్యి దానంతటదే అన్నిటికన్నా పాడైన రోడ్డు మీదికి పోతుంది, మన ప్రాజెక్టు గొప్పగా కనిపిస్తుంది. డబ్బిచ్చినవాళ్లు సంతోషిస్తారు కానీ, వచ్చే కల్వర్టు ఎంత వెడల్పు కట్టాలో ఎవరికీ తెలియదు.

నీళ్లు తీసిన రెండు రోజుల్లోపే వెళ్లండి. ఆ తర్వాత జేసీబీ వచ్చి గండ్లు పూడ్చేస్తుంది, సాక్ష్యం పోతుంది. జీపులోంచి చూస్తే తారు నల్లగా, బాగానే కనిపిస్తుంది. దిగి కల్వర్టు దిగువ ఏప్రాన్ (నీళ్లు బయటికి పడేచోట నేల కోసుకుపోకుండా వేసే గట్టి పరుపు) కింద వెదురు కర్ర పెట్టండి. ఒక్కోసారి మోచేతిదాకా లోపలికి పోతుంది, మట్టంతా కొట్టుకుపోయి ఉంటుంది. వింగ్‌వాల్, అంటే కల్వర్టు పక్కల మట్టిని ఆపే గోడ, వెనక కూడా అంతే. ఖానా (కల్వర్టులో నీళ్లు పోయే దారి) నోటికి గుర్రపుడెక్క, తుమ్మకంప అడ్డుపడి నీళ్లు రోడ్డెక్కితే దాన్ని డిజైను తప్పుగా రాయకండి. అది నిర్వహణ లోపం, వేరే గడిలో రాయండి.

చివరికి మూడు అంకెలు చాలు: ఎన్ని గంటలు దారి ఆగింది, కిలోమీటరుకు మరమ్మతు ఖర్చెంత, అప్పుడు వానెంత. గంటల లెక్క ఆర్టీసీ డ్రైవరునూ పాల సేకరణ కేంద్రంవాళ్లనూ అడగండి, వాళ్లకు కచ్చితంగా గుర్తుంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే కాబట్టి అప్పటిదాకా గుంతలు పూడుతూనే ఉంటాయి. గడువు తీరాక ఇంకో రెండు వానాకాలాలైనా ఇదే నోటుబుక్కు పట్టుకుని ఆ రోడ్డు మీదికి వెళ్లండి.